ఫ్రీలాన్సర్‌గా గీసి, తర్వాత ఉద్యోగంలో చేరి, ఇప్పుడు మానేస్తున్న ఆర్టిస్టు: బొమ్మల హక్కులు ఎవరివి?

పలకబలపం:

నమస్కారం. మాది హైదరాబాద్‌లో చిన్న యానిమేషన్ స్టూడియో, ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. పిల్లల కోసం తెలుగులో తీసే మా సిరీస్ యూట్యూబ్‌లో వస్తోంది. దాన్ని లైసెన్సుకి తీసుకుంటామని ఒక ఓటీటీ సంస్థ ముందుకొచ్చింది. ప్రతి పాత్ర మీదా, ప్రతి పాట మీదా హక్కు మా చేతికి ఎలా వచ్చిందో కాగితాలు చూపించమని వాళ్ల లాయర్లు అడుగుతున్నారు.

ప్రధాన పాత్రలు మూడింటినీ 2021 ఆగస్టులో ఒక ఆర్టిస్టు ఫ్రీలాన్సర్‌గా గీసిచ్చారు. ఒప్పందం రాసుకోలేదు. "క్యారెక్టర్ డిజైన్ ఛార్జీలు" అని ఇన్వాయిస్ ఇచ్చారు, టీడీఎస్ పోను మొత్తం చెల్లించాం. ఫైళ్లు పంపుతూ "ఇక ఇవన్నీ మీవే, వాడుకోండి" అని మెయిల్ పెట్టారు. 2022 జూన్‌లో ఆయనే మా దగ్గర ఉద్యోగంలో చేరారు. ఆఫర్ లెటర్ ఒక్క పేజీ. జీతం, ప్రొబేషన్, రెండేళ్ల బాండు (ముందే మానేస్తే లక్షన్నర), మానేశాక రెండేళ్లపాటు వేరే యానిమేషన్ కంపెనీలో చేరకూడదన్న షరతు ఉన్నాయి. కాపీరైట్ ఊసు లేదు. ఉద్యోగంలో ఉండగా ఇంకో పదకొండు పాత్రలు గీశారు. రిగ్గింగ్ (బొమ్మ కదిలేలా లోపల కీళ్లు అమర్చడం) త్వరగా అయ్యేందుకు కొన్ని పైథాన్ స్క్రిప్టులు (చిన్న కంప్యూటర్ ప్రోగ్రాములు) కూడా రాశారు. అవి సెలవు రోజుల్లో ఇంటి దగ్గర రాసుకున్నవని ఆయన అంటున్నారు.

ఇప్పుడు రాజీనామా ఇచ్చారు, నోటీసు పీరియడ్ నడుస్తోంది. గొడవలేమీ లేవు. హక్కుల కాగితం మీద సంతకం పెట్టేదాకా చివరి జీతం, రిలీవింగ్ లెటర్ ఆపి ఉంచమని మా అకౌంటెంట్ సలహా. బొమ్మలు తన పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోవచ్చా అని ఆయన అడుగుతున్నారు. ఏది ముందు, ఏది వెనక చేయాలి?

నల్లకోటు:

మనిషి ఒకరే అయినా చట్టం ఇక్కడ ఇద్దరిని చూస్తుంది. 2021లో బయటి ఆర్టిస్టు, 2022 జూన్ నుంచి ఉద్యోగి. విడివిడిగా చూడాలి.

2021 బొమ్మలు: కాపీరైట్ చట్టం, 1957లో సెక్షన్ 17 ప్రకారం గీసినవారే మొదటి యజమాని. ఇన్వాయిస్, బ్యాంకు స్టేట్‌మెంట్, టీడీఎస్ సర్టిఫికెట్ పనికి డబ్బు ముట్టిందని రుజువు చేస్తాయి, హక్కు చేతులు మారిందని చెప్పవు. హక్కు మారాలంటే సెక్షన్ 19 కింద రాతపూర్వకమైన బదలాయింపు పత్రం ఉండాలి, దాని మీద ఆర్టిస్టు సంతకం ఉండాలి. అందులో ఏ బొమ్మో, ఏయే హక్కులో, ఎంతకాలానికో, ఏ ప్రాంతానికో, ఎంత ప్రతిఫలమో రాయాలి.

ఆయన మెయిల్ పనికిరాదని అనను. మీరు ఆ పాత్రల్ని వాడుకోవడానికి ఆయన ఒప్పుకున్నారనడానికి అది మంచి సాక్ష్యం. కానీ దాన్నే బదలాయింపు పత్రంగా చూపించాలంటే చిక్కులున్నాయి. సాదా మెయిల్ కింద టైపు చేసిన పేరు సంతకం అవుతుందా అన్నది మొదటి వాదన. అవుతుందనే అనుకుందాం. అందులో కాలం రాయలేదు కాబట్టి 19(5) ప్రకారం 5 ఏళ్లే. ప్రాంతం రాయలేదు కాబట్టి 19(6) ప్రకారం భారతదేశం వరకే. అంటే ఎంత అనుకూలంగా చదువుకున్నా 2026 ఆగస్టుతో అయిపోతుంది, అమెరికాలోనో గల్ఫ్‌లోనో చూసే ప్రేక్షకుడికి వర్తించదు. "మేం లైసెన్సుదారులమే కదా" అన్నా తప్పించుకోలేరు. 30ఎ వల్ల సెక్షన్ 19 నియమాలు లైసెన్సులకూ వర్తిస్తాయి.

ఉద్యోగంలో గీసిన పదకొండు పాత్రలు: ఇక్కడ 17(సి) మీ వైపు ఉంది. ఉద్యోగ విధుల్లో భాగంగా చేసిన పనికి, వేరే ఒప్పందం లేకపోతే, యజమాన్యమే మొదటి హక్కుదారు. ఆఫర్ లెటర్‌లో ఆ మాట లేకపోయినా సరే. పీఎఫ్, పేస్లిప్పులు, హాజరు, ఎవరి పర్యవేక్షణలో పనిచేశారన్నది భద్రంగా ఉంచండి. నిజంగా ఉద్యోగమేనా, ఉద్యోగం పేరుతో కాంట్రాక్టు పనా అని అడిగితే చూపించాల్సినవి అవే.

అయినా ఆ పదకొండింటికీ సంతకం తీసుకోమనే చెబుతాను. 2012 సవరణలో సెక్షన్ 17కి ఒక మినహాయింపు చేరింది. సినిమాలో కలిసిన సాహిత్య, సంగీత, చిత్రకళా రచనల విషయంలో 17(బి) (డబ్బిచ్చి చేయించుకున్న కొన్ని రకాల పనుల గురించినది), 17(సి) నిబంధనలు అసలు రచయిత హక్కుకి అడ్డు రావని దాని సారం. మీ సిరీస్ కూడా చట్టం దృష్టిలో సినిమాటోగ్రాఫ్ ఫిల్మే. ఉద్యోగి పనికి ఈ మినహాయింపు ఎంతవరకు వర్తిస్తుందన్న దాని మీద లాయర్లలో ఏకాభిప్రాయం లేదు. ఓటీటీ లాయరు పట్టుకునేది సరిగ్గా అక్కడే. ఒక్క పత్రంతో ఆ వాదనకి తావు లేకుండా చేయవచ్చు.

రీలుపెట్టె:

ఒక సందేహం. 17(బి) ప్రకారం డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో, గీయించుకున్న పెయింటింగ్, పోర్ట్రెయిట్ ఇవన్నీ చేయించుకున్నవాళ్లకే చెందుతాయి కదా? అప్పుడు 2021 పాత్రలు కూడా స్టూడియోవే అవ్వాలి.

నల్లకోటు:

మంచి సందేహం. చాలా స్టూడియోలు ఆ ధీమాతోనే ఉంటాయి. 17(బి)లో ఉన్నవి ఫొటో, పెయింటింగ్, పోర్ట్రెయిట్, ఎన్‌గ్రేవింగ్, ఫిల్మ్. అదే చట్టం 2(సి)లో చిత్రకళ అంటే ఏమిటో చెప్పేటప్పుడు పెయింటింగ్‌ని, డ్రాయింగ్‌ని విడివిడిగా పేర్కొంది. 17(బి)లో డ్రాయింగ్ లేదు. క్యారెక్టర్ షీటు గీతల బొమ్మా, పెయింటింగా అన్నది కోర్టులో తేలాల్సిన సంగతి. నెగ్గవచ్చు కూడా. కానీ ఓటీటీ వాళ్లకి కావాల్సింది కోర్టులో వాదించదగ్గ పాయింటు కాదు, సంతకమున్న కాగితం. పైగా ఇందాక చెప్పిన 2012 మినహాయింపు 17(బి)కి కూడా వర్తిస్తుంది. కథ, మాటలు, పాటలు ఎలాగూ 17(బి)లోకి రావు.

జీతంరోజు:

అకౌంటెంట్ సలహా మాత్రం దయచేసి పాటించకండి. అది చట్టవిరుద్ధం, పైగా మీ ఓటీటీ డీల్‌కే చేటు.

వేతనాల కోడ్, 2019 అమల్లోకి వచ్చింది 2025 నవంబర్ 21న. సెక్షన్ 17(2) ప్రకారం రాజీనామా చేసిన ఉద్యోగికి రావాల్సిన వేతనం రెండు పని దినాల్లో చెల్లించాలి. జీతంలోంచి ఏమేం కోయవచ్చో సెక్షన్ 18లో జాబితా ఉంది. "కాపీరైట్ కాగితం ఇవ్వలేదు" అన్నది అందులో లేదు. మేనేజర్ స్థాయి వారికీ ఇదే వర్తిస్తుంది.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. జీతం ఆపి తీయించుకున్న సంతకాన్ని బలవంతపు సంతకమని, అనుచిత ఒత్తిడి అని తర్వాత ఆయన సవాలు చేయవచ్చు. కాంట్రాక్టు చట్టం, 1872లో సెక్షన్ 15, 16 చూడండి. అలాంటి ఒప్పందాన్ని రద్దు చేయించుకునే హక్కు సంతకం పెట్టినవారికి ఉంటుంది. కోట్ల డీల్‌కి పునాది కావాల్సిన కాగితాన్ని ఒక నెల జీతం కోసం మీరే బలహీనం చేసుకున్నట్టు. జీతం వేయండి, రిలీవింగ్ లెటర్ ఇవ్వండి, హక్కుల పత్రానికి వేరే ప్రతిఫలం ఇవ్వండి. మూడింటికీ ముడి పెట్టకండి.

బాండు: రెండేళ్లు 2024 జూన్‌కే నిండాయి కాబట్టి అది ముగిసిన ముచ్చట. ఇకముందు పెట్టే బాండ్ల గురించి ఒక మాట. 2025లో విజయా బ్యాంకు కేసులో రెండు లక్షల బాండుని సుప్రీంకోర్టు సమర్థించింది. దాన్ని చూసి ప్రతి కంపెనీ ధీమా పడుతోంది. ప్రభుత్వరంగ బ్యాంకు, నియామకానికయ్యే ఖర్చు, మూడేళ్ల కనీస సర్వీసు, ఆ ఉద్యోగి హోదా ఇవన్నీ తూచి ఇచ్చిన తీర్పు అది. శిక్షణ మీద మీరు ఏం ఖర్చు పెట్టారో చూపించలేకపోతే కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 కింద దక్కేది సమంజసమైన పరిహారమే. కాగితం మీద రాసిన మొత్తం దానికి గరిష్ఠ పరిమితి మాత్రమే.

రెండేళ్లు వేరే చోట చేరకూడదన్న షరతు: అదే చట్టం సెక్షన్ 27 ప్రకారం ఉద్యోగం మానేశాక అది చెల్లదు. సూపరింటెండెన్స్ కంపెనీ వర్సెస్ కృషన్ ముర్గాయ్ (1980) నుంచి కోర్టుల వైఖరి ఇదే. గోలికరి కేసు (1967) చూపించి వాదించేవాళ్లుంటారు. అది ఒప్పందకాలం ఇంకా నడుస్తుండగా పోటీ కంపెనీలో చేరిన ఉద్యోగి సంగతి, మీకు పనికిరాదు. మీరు ఆపగలిగింది వేరే ఉంది: విడుదల కాని ఎపిసోడ్ల కథ, ఓటీటీతో మాట్లాడుతున్న ధర, సోర్సు ఫైళ్లు బయటికి పోకుండా చూడటం. అందుకు గోప్యత నిబంధన చాలు. అది మానేశాక కూడా నిలుస్తుంది. ఆ చెల్లని షరతుని వదులుకుంటున్నామని ఒక లెటర్ ఇవ్వండి. పోయేదేమీ లేదు, ఆయనకి భయం తీరుతుంది, సంతకానికి ప్రతిఫలంలో అదీ ఒక భాగమవుతుంది.

గీతకారి:

ఆర్టిస్టు వైపు నుంచి రాస్తున్నాను.

మొదటగా, "ఇది మామూలు ఫార్మాలిటీ" అని చెప్పి సంతకం అడగకండి. ఆ మూడు పాత్రలు ఇప్పటికీ ఆయనవేనని ఏ లాయరైనా పది నిమిషాల్లో ఆయనకి చెబుతాడు. ఉన్న మాట చెప్పి, కొత్తగా కొంత మొత్తం ఇచ్చి, ఈ పాత్రలతో సరుకేమైనా అమ్మితే ఆ అమ్మకాల్లో వాటా మాట్లాడుకోండి. కాపీరైట్ చట్టం 19(3) ప్రకారం పత్రంలో ప్రతిఫలం ఎంతో రాయాల్సిందే. ఆయన సొంత లాయరుకి చూపించుకోవడానికి వారం గడువిచ్చి, ఇచ్చినట్టు మెయిల్‌లో ఉంచండి. ఆ వారం మీ పత్రానికే బలం. వాటాని "నికర ఆదాయంలో ఇంత శాతం" అని వదిలేస్తే తగువు ఖాయం. జీఎస్టీ, డిస్ట్రిబ్యూటర్ కమీషన్, తిరిగొచ్చిన సరుకు ఇవి తీసేయవచ్చు. స్టూడియో అద్దె, జీతాలు, మార్కెటింగ్ ఖర్చు తీసేస్తే నికరం ఎప్పుడూ సున్నానే. ఏవి తీసేస్తారో పేరుపేరునా రాయండి. మూడు నెలలకోసారి లెక్క, ఏడాదికోసారి పుస్తకాలు చూసే హక్కు ఇవ్వండి.

రెండోది పేరు. హక్కులన్నీ బదలాయించినా కాపీరైట్ చట్టం సెక్షన్ 57 కింద "ఇది నేను గీసింది" అని చెప్పుకునే హక్కు, తన పరువుకి భంగం కలిగేలా బొమ్మని వికృతం చేస్తే అడ్డుకునే హక్కు ఆర్టిస్టుకే ఉంటాయి. టైటిల్స్‌లో ఎక్కడ, ఏ మాటలతో పేరు వేస్తారో పత్రంలోనే పెట్టండి. ఓటీటీ వాళ్లు టైటిల్స్ కుదించే అలవాటున్నవాళ్లు. అందుకే ఈ షరతు వాళ్ల ఒప్పందంలోనూ దిగాలి.

పోర్ట్‌ఫోలియో: హక్కు కంపెనీదైతే ఆయన బొమ్మలు పెట్టుకోవడానికీ మీ అనుమతి కావాలి. అడిగారు కాబట్టి రాసివ్వండి. విడుదలైన ఎపిసోడ్ల స్టిల్స్, తుది క్యారెక్టర్ షీట్లు, చిన్న సైజులో, స్టూడియో పేరుతో, అమ్ముకోకుండా. విడుదల కానివి విడుదలయ్యాకే. లేయర్లున్న పీఎస్‌డీలు (ఫొటోషాప్ సోర్సు ఫైళ్లు), రిగ్గులు వద్దు. ఈ అనుమతికి కూడా కాలం, ప్రాంతం రాయాలి. లేకపోతే ఐదేళ్లు, ఇండియా అన్న లెక్క ఆయన మెడకే చుట్టుకుంటుంది.

ఇది చదువుతున్న ఫ్రీలాన్సర్లకి ఒక మాట. పని మొదలుపెట్టకముందే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకి ప్రభుత్వ నమోదు) చేసుకోండి, రుసుము లేదు. ఎంఎస్ఎంఈడీ చట్టం, 2006 సెక్షన్ 15 ప్రకారం గడువు రాసుకుంటే గరిష్ఠంగా 45 రోజులు, రాసుకోకపోతే 15 రోజుల్లో మీకు డబ్బు రావాలి. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకి మూడు రెట్ల చక్రవడ్డీ, నెలనెలా కలుపుతూ. చిన్న సంస్థల బకాయిల కోసం ప్రభుత్వం నడిపే ఆన్‌లైన్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టుకోవచ్చు. ఇన్వాయిస్ మీద ఉద్యమ్ నంబరు వేయండి. దానితోపాటు "పూర్తి చెల్లింపు అందాకే హక్కుల బదలాయింపు" అన్న వాక్యం కూడా.

పలకబలపం:

అందరికీ కృతజ్ఞతలు. జీతం, రిలీవింగ్ లెటర్ ఆపడం లేదు. ఇంకో రెండు సంగతులు. ఈ పాత్రలతో ఏటికొప్పాక కళాకారుల చేత లక్క బొమ్మలు మూడు వందలు చేయించి అమ్మాలనుకుంటున్నాం. అలాగే పాటల రచయిత, సంగీత దర్శకుడు ఇద్దరూ బయటివాళ్లు. వాళ్లతో "ఏకమొత్తానికి సర్వహక్కులు, శాశ్వతంగా, ప్రపంచమంతటా" అని సంతకాలున్న ఒప్పందం ఉంది. అది చాలు కదా? స్క్రిప్టుల సంగతి కూడా చెప్పగలరు.

నల్లకోటు:

పాటలు: ఒప్పందం బాగానే ఉంది, కానీ మీరనుకున్నంత దూరం పోదు. కాపీరైట్ చట్టం సెక్షన్ 18కి 2012లో వచ్చిన మినహాయింపు ప్రకారం ఫిల్మ్‌లోని సాహిత్యం, సంగీతం రాసినవారు సినిమా హాల్లో ప్రదర్శన తప్ప మిగతా వాడకం మీద వచ్చే రాయల్టీలో సమాన వాటాని వదులుకోలేరు. తమ వారసులకో, కాపీరైట్ సొసైటీకో తప్ప ఎవరికీ ఇవ్వలేరు. ఎదురు ఒప్పందం రాసుకున్నా ఆ మేరకు చెల్లదు. యూట్యూబూ ఓటీటీ రెండూ సినిమా హాలు కావు. ఆ ఇద్దరూ ఐపీఆర్ఎస్ (పాటల రచయితల, సంగీతకర్తల తరఫున రాయల్టీ వసూలు చేసే కాపీరైట్ సొసైటీ) సభ్యులేమో ముందు కనుక్కోండి. సభ్యులైతే మీకు రాసిచ్చే నాటికే కొన్ని హక్కులు సొసైటీకి వెళ్లి ఉండవచ్చు. అప్పుడు 19(8) ప్రకారం దానికి విరుద్ధంగా మీకు చేసిన బదలాయింపు నిలవదు. బొమ్మల ఆర్టిస్టు విషయంలోనూ 19(9) చూడండి. ఫిల్మ్ తీయడానికి ఏ రచన హక్కు బదలాయించినా సమాన వాటా అడిగే హక్కు పోదని అందులో ఉంది. వాటా మాట్లాడుకోమని గీతకారి గారు చెప్పింది మర్యాద కోసమే కాదు, చట్టం కోసం కూడా.

లక్క బొమ్మలు: కాపీరైట్ చట్టం సెక్షన్ 15(2) గుర్తుంచుకోండి. డిజైన్‌గా నమోదు చేయదగ్గది నమోదు చేయకుండా పారిశ్రామిక ప్రక్రియతో 50 సార్లకి మించి తయారు చేస్తే ఆ డిజైన్ మీద కాపీరైట్ పోతుంది. చేత్తో చేస్తాం కదా అనుకోకండి. డిజైన్ల చట్టం, 2000 నిర్వచనంలో చేతిపని కూడా ఉంది. కాగితం మీది అసలు బొమ్మ చిత్రకళగా నిలుస్తుందా, దాని నుంచి పుట్టిన డిజైన్ ఏది అన్న గీత ఎక్కడ గీయాలో 2025లో క్రయోగ్యాస్ కేసులో సుప్రీంకోర్టు ఒక పరీక్ష చెప్పింది. అయినా ఆ వాదన దాకా పోకుండా బొమ్మ ఆకారాన్ని నమోదు చేయించడమే సుఖం. చిన్న సంస్థలకి, స్టార్టప్‌లకి రుసుము వెయ్యి. మొదట పదేళ్లు, పొడిగిస్తే ఇంకో అయిదు. చిక్కేమిటంటే, డిజైన్ కొత్తది అయ్యుండాలి, అంతకుముందు బయటికి వచ్చి ఉండకూడదు. యూట్యూబ్‌లో ఏళ్లుగా కనిపిస్తున్న పాత్ర అదే రూపంలో లక్క బొమ్మయితే పరీక్షాధికారి అభ్యంతరం చెప్పవచ్చు. ఇంకా విడుదల కాని పాత్రల బొమ్మల్ని ముందు నమోదు చేయండి, తర్వాతే ఫొటో బయటపెట్టండి. పాత వాటికి ట్రేడ్‌మార్కు మీద ఆధారపడండి. పాత్ర పేరు, రూపం నమోదు చేయించండి: ట్రేడ్‌మార్కు వర్గాల్లో క్లాస్ 28లో బొమ్మలకి, క్లాస్ 41లో వినోదానికి. ఉద్యమ్ ఉంటే ఆన్‌లైన్‌లో ఒక్కో క్లాసుకి 4,500 రూపాయలు. ఏటికొప్పాక బొమ్మలకి భౌగోళిక గుర్తింపు ఉంది కాబట్టి పెట్టె మీద ఆ పేరు వేయాలంటే తయారు చేసే కళాకారులు అధీకృత వాడుకరులుగా నమోదై ఉన్నారా అని చూసుకోండి.

స్క్రిప్టులు: ప్రోగ్రామ్ కూడా చట్టం దృష్టిలో సాహిత్య రచనే. ఆయన పని బొమ్మలు గీయడం. స్క్రిప్టు రాయడం విధుల్లో ఉందా? ఆఫీసు లాప్‌టాప్ మీద రాశారా, మేనేజరు అడిగితే రాశారా, కంపెనీ రిపాజిటరీలో ఉన్నాయా? జవాబులు అటూ ఇటూగా ఉంటే దాని కోసం పోట్లాట వద్దు. హక్కు ఆయన దగ్గరే ఉంచి, కాపీరైట్ ఉన్నంతకాలం, ప్రపంచమంతటా, మార్చుకునే వీలుతో రాయల్టీ లేని లైసెన్సు తీసుకోండి. మీ పని జరిగిపోతుంది.

పత్రం ఎలా ఉండాలంటే: 2021 పాత్రలకి ఒక బదలాయింపు పత్రం, ఉద్యోగకాలపు పాత్రలకి మీ హక్కుని ఆయన ధ్రువీకరిస్తూ, ఏదైనా మిగిలి ఉంటే బదలాయిస్తూ ఇంకొకటి. ఒక్కో పాత్ర టర్న్‌అరౌండ్ (పాత్రని అన్ని వైపుల నుంచి చూపించే షీటు), హావభావాల షీటు, రంగుల షీటు రంగుల్లో ప్రింటు తీసి షెడ్యూలుగా జతచేసి ప్రతి పేజీ మీద ఇద్దరూ సంతకం పెట్టండి. ఫైలు పేరు, హ్యాష్ విలువ (ఫైలుకి వేలిముద్ర లాంటి సంఖ్య) రాస్తే ఏ వెర్షనో అన్న తగువు రాదు. హక్కుల్లో "రెండు కొలతల బొమ్మని మూడు కొలతల్లో చేయడం" తప్పకుండా ఉండాలి, లక్క బొమ్మలకి కావాల్సింది అదే. మాధ్యమాలు పేరుపేరునా రాయండి, ఎందుకంటే పత్రం రాసే నాటికి వాడుకలో లేని మాధ్యమం ప్రత్యేకంగా పేర్కొంటే తప్ప మీకు రాదు. ఏడాదిలోపు వాడకపోతే హక్కు రద్దవుతుందన్న 19(4) ఈ పత్రానికి వర్తించదని రాయండి. విడుదల కాని పాత్రల విషయంలో అది మరీ అవసరం.

తేదీ మాత్రం వెనక్కి వేయకండి. ఈ-స్టాంపు మీద కొన్న తేదీ ఉంటుంది, బయటపడితే మొత్తం పత్రాల మీద నమ్మకం పోతుంది. ఈ రోజు తేదీ వేసి, "2021 ఆగస్టులో గీసిన ఈ పాత్రలకి" అని రాసి, పాత ఇన్వాయిస్ నంబర్లు ప్రస్తావించి, కొత్త ప్రతిఫలం కలపండి. స్టాంపు సంతకానికి ముందో, అదే సమయానికో పడాలి. వంద రూపాయల స్టాంపు అన్నిటికీ సరిపోతుందన్నది అపోహ. తక్కువ పడితే సుంకం, దానితోపాటు జరిమానా కట్టేదాకా కోర్టు సాక్ష్యంగా తీసుకోదు. తెలంగాణలో ఈ తరహా పత్రానికి ఇప్పుడున్న రేటు స్టాంపుల శాఖలో అడిగి తెలుసుకోండి. నోటరీ ముద్ర స్టాంపుకి ప్రత్యామ్నాయం కాదు. ఇది అయ్యాక కాపీరైట్ నమోదుకి వెళ్లవచ్చు. బొమ్మకి 500 రూపాయలు, సరుకు మీద వాడేదైతే 2,000. ఆర్టిస్టు అభ్యంతరం లేదన్న లేఖ జతచేయాలి. ఆయన వెళ్లిపోయాక ఆ లేఖ కోసం వెతుక్కోవడం కష్టం, ఇప్పుడే తీసుకోండి.

ఓటీటీ ఒప్పందంలో "ఇకపై ఎవరికీ ఏ రాయల్టీ చెల్లించనవసరం లేదు" అన్న హామీ వాక్యం ఉంటుంది, చూసుకోండి. పాటల విషయంలో మీరు ఆ హామీ ఇవ్వలేరు. సెక్షన్ 18 కింద రచయితకి, సంగీత దర్శకుడికి వచ్చే వాటా మినహాయించి అని అక్కడ చేర్పించండి, ఆ వాటా ఎవరు చెల్లిస్తారో పేరు పెట్టి రాయించండి, మీ నష్టపరిహార బాధ్యత లైసెన్సు ఫీజుకి మించకుండా పరిమితి పెట్టించండి.